పాదం పట్టి చూసే మనిషి

తణుకు చుట్టుపక్కల ఆడవాళ్ళు జాకెట్టు కుట్టించుకునే దగ్గర ఎంత పట్టుదలగా ఉంటారో చూడాలి. అత్తిలి నుంచి, ఉండ్రాజవరం నుంచి ఆటో ఎక్కి వచ్చి మరీ తమ టైలరుకే గుడ్డ ఇస్తారు. ఆయన ఊరెళ్తే వారం రోజులు ఆగుతారు గానీ పక్క కొట్టు గుమ్మం ఎక్కరు. "మా కొలతలు ఆయనకి తెలుసండీ" అంటారు. చాలా తెలివైన మాట అది. ఆ తెలివి చెప్పుల కొట్టుకి వచ్చేసరికి ఏమవుతుందో తెలీదు. ఆడా మగా అందరూ నిలబడే "ఏడో నంబరు చూపించండి" అంటారు. కుర్రాడు పెట్టె విప్పి కింద పడేస్తాడు. రెండడుగులు అటూ ఇటూ వేసి, "బానే ఉంది, కట్టెయ్" అని డబ్బులిచ్చేసి వచ్చేస్తారు.

చాలామందికి, చాలాసార్లు ఆ "బానే ఉంది" సరిపోతుంది. పాతికేళ్ళ కుర్రాడికి, ఆరోగ్యంగా ఉన్న పాదాలకి, హవాయి చెప్పుల జతకి ఈ అధ్యాయం అక్కర్లేదు. పేజీలు తిప్పేసి ముందుకెళ్ళండి. ఆ మాటని నమ్మకూడని సందర్భాలు రెండున్నాయి. ఒకటి మన ఊళ్ళో పుట్టి మంచు కురిసే దేశం వెళ్ళిన పిల్లలది. రెండోది ఇక్కడే ఉండిపోయిన వాళ్ళ అమ్మానాన్నలది. రెండు చోట్లా వస్తువు కంటే ముందు మనిషిని వెతుక్కోవాలి.

ముందు పిల్లల సంగతి. డెన్వర్, సాల్ట్ లేక్ సిటీ, సియాటిల్ లాంటి ఊళ్ళలో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు మొదట్లో అద్దె బూట్లతో మంచు మీద జారతారు. సరదా ముదిరాక సొంతానికి ఒక జత కొందామనుకుంటారు. చిక్కంతా అక్కడే. స్కీ బూటుకి పైన గట్టి ప్లాస్టిక్ గుల్ల, లోపల మెత్తటి లైనర్ ఉంటాయి. తోలు బూటు నాలుగు రోజులు తొడిగితే పాదానికి లొంగుతుంది, ఈ గుల్ల లొంగదు. పాదం లోపల కదలకుండా ఉంటేనే మీరు కాలు వంచిన వంపు కిందనున్న స్కీ పలకకి అందుతుంది. అందుకని కొట్లో కాలు పెట్టగానే "అబ్బ, హాయిగా ఉంది" అనిపించిన బూటు చాలావరకు పెద్దదే అయి ఉంటుంది. కొన్నాళ్ళు తొడిగాక లైనర్ అణిగి ఇంకా వదులవుతుంది. మడమ పైకి లేస్తుంటే ఆపుదామని బకిల్స్ బిగిస్తారు. మీగాలు నొక్కుకుపోతుంది, రక్తం ఆడక వేళ్ళు చల్లబడతాయి. అప్పుడు బూటు ఇరుకైందనుకుని మరో సైజు పైకి పోతారు. వదులు వల్ల వచ్చిన నొప్పికి ఇంకాస్త వదులే మందు అనుకోవడం ఇది.

మంచు ఊళ్ళలో అందుకే బూట్ ఫిట్టర్ అని ప్రత్యేకంగా ఒక వృత్తే ఉంది. మంచి ఫిట్టరు ముందు బూటు చూపించడు. స్టూలు లాక్కుని మీ కాళ్ళ ముందు కూర్చుంటాడు. ఏడాదిలో ఎన్నిసార్లు కొండకి వెళ్తారు, చీలమండ ఎప్పుడైనా బెణికిందా, మోకాలికి ఆపరేషన్ ఏమన్నా జరిగిందా అని అడుగుతాడు. సాక్సు విప్పించి, నిలబెట్టి, రెండు పాదాలూ కొలుస్తాడు. కూర్చున్నప్పటి పాదం వేరు, ఒంటి బరువు పడ్డాక పాదం వేరు. మీగాలు ఎత్తు చూస్తాడు. మోకాలు ముందుకి వంచమని చీలమండ ఎంతవరకు వంగుతుందో చూస్తాడు. ఆ తరవాత లైనర్ బయటికి లాగేసి, ఉత్త గుల్లలో పాదం పెట్టిస్తాడు. కాలివేళ్ళు ముందు గోడకి ఆనించమని, మడమ వెనక మిగిలిన ఖాళీలో తన చేతివేళ్ళు పెట్టి చూస్తాడు. సరదాగా జారేవాళ్ళకి అది ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లు ఉండాలి. పందాల్లో దిగేవాళ్ళకి ఒక సెంటీమీటరు దగ్గర్లో ఉంటే చాలు. ఈ పరీక్ష చెయ్యకుండా బూటు అమ్మే మనిషిని ఫిట్టరు అనకండి, సేల్స్‌మన్ అనండి.

మన పిల్లలకి ఇంకో తంటా ఉంది. చెప్పుల్లేకుండా నడిచిన పాదం వేళ్ళ దగ్గర విచ్చుకుంటుంది. పుట్టాక ఎప్పుడూ చెప్పులు వాడని భారతీయుల పాదాలను కొలిచిన బెల్జియం పరిశోధకులు, చెప్పులు వాడేవాళ్ళ పాదాల కంటే అవి వెడల్పుగా ఉన్నాయని 2009లో ప్రచురించారు. వెడల్పు పాదాన్ని చూడగానే అనుభవం లేని అమ్మకందారు పెద్ద సైజు అందిస్తాడు. పొడవు ఎక్కువై మడమ జారుతుంది, వెడల్పు మాత్రం చాలీచాలనట్టే ఉంటుంది. తెలిసిన ఫిట్టరు పొడవు ముట్టుకోడు. స్కీ బూట్లలో 97, 98 మిల్లీమీటర్ల ఇరుకు గుల్లలుంటాయి, 100 మిల్లీమీటర్లవి ఉంటాయి, 102 దాటినవీ ఉంటాయి. పాదానికి తగినది తీస్తాడు. అప్పటికీ చిటికెన వేలి పక్క ఎముక నొక్కుకుంటే ప్లాస్టిక్‌ని అక్కడొక్కచోటే వేడిచేసి బయటికి నొక్కుతాడు.

ఇదే పొరపాటు మన బజార్లోనూ రోజూ జరుగుతుంటుంది. మన పెట్టెల మీద ఉండేవి బ్రిటిష్ నంబర్లు. ఒక నంబరుకీ తరవాతి నంబరుకీ పొడవులో తేడా అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు 8.5 మిల్లీమీటర్లు. వెడల్పు చాలక ఒక నంబరు పెంచుకున్న ప్రతిసారీ అంత పొడవు అనవసరంగా మోస్తాం. చెన్నైలోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలను కొలిచింది. విదేశీ కొలతలకి తయారైన అచ్చుల కంటే మన పాదాలు వెడల్పని తేల్చి, 'భా' అనే పేరుతో మన సొంత సైజుల పద్ధతిని ప్రతిపాదించింది. మంచిదే. కాకపోతే ఏ పద్ధతి వచ్చినా నంబరు నంబరే. మీ ఎడమ కాలి బొటనవేలు పక్కకి ఒరిగిందని అది చెప్పదు.

ఇక ఇంటి సంగతి. స్కీ కొట్లో పాదం "హాయిగా ఉంది" అనడానికి కారణం, కొట్లో కొండ లేకపోవడం. తణుకులో మరో రకం పాదం ఉంది, దానికి ఏ మాటా చెప్పే శక్తి పోయింది. భారత వైద్య పరిశోధన మండలి నిధులతో జరిగిన సర్వే 2023లో వెలువడింది. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉన్నట్టు లెక్క తేలింది. ఏళ్ళ తరబడి షుగర్ అదుపు తప్పితే పాదాల్లో నరాలు మొద్దుబారతాయి. మొదట తిమ్మిర్లు, మంటలు వస్తాయి. ఆ తరవాత ఏమీ తెలియదు. ఆ ఏమీ తెలియని దశనే చాలామంది 'మంటలు తగ్గాయి' అని సంతోషిస్తారు. అలాంటి మనిషికి సరైన కొలత చెప్పు వేస్తే వదులుగా ఉన్నట్టనిపిస్తుంది. "కాలికి పట్టినట్టే లేదండీ" అని ఒక నంబరు తక్కువది ఏరుకుంటారు. బిగుతుగా ఉంటేనే వాళ్ళకి చెప్పు వేసుకున్నట్టు తెలుస్తుంది. సాయంత్రానికి చిటికెన వేలి పక్క బొబ్బ. అదీ తెలియదు. మంచం మీద దుప్పటికి మరక అంటితే అప్పుడు చూస్తారు.

ఈ విషయం ప్రపంచానికి తెలిసింది మన పక్కనుంచే. తమిళనాడు కొల్లి కొండల్లో 1914లో పుట్టిన పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో కుష్ఠు రోగులకు వైద్యం చేశాడు. ఆ రోగుల వేళ్ళు జబ్బు వల్ల తమంతట తామే కుళ్ళి ఊడిపోతాయని అప్పట్లో అందరి నమ్మకం. నొప్పి తెలియకపోవడం వల్ల తగిలిన దెబ్బలూ, ఒకేచోట మళ్ళీమళ్ళీ పడిన ఒత్తిడీ ఆ వేళ్ళను తినేస్తున్నాయని ఆయన చూపించాడు. మందు కంటే ముందు చెప్పు కావాలన్నమాట. మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు అలా వాడకంలోకి వచ్చాయి. 1966లో ఆయన అమెరికాలోని కార్‌విల్ ఆసుపత్రికి వెళ్ళాక ఆ పాఠమే షుగర్ రోగుల పాదాలకి పనికొచ్చింది. మందుల షాపుల్లో ఈ రోజు 'ఎంసీఆర్ చెప్పులు', 'షుగర్ చెప్పులు' అని అమ్మేవాటి వెనక ఉన్న చరిత్ర అది. అయితే మనం ఆయన దగ్గర్నుంచి రబ్బరు తీసుకున్నాం, కొలత వదిలేశాం. మెత్తగా ఉన్నంత మాత్రాన ఇరుకు చెప్పు మంచి చెప్పు కాదు. 'షుగర్ చెప్పు' అన్న చీటీ చూసి కొనడం, 'జ్వరం మాత్ర' అన్న పేరు చూసి బిడ్డకు ఎంతివ్వాలో అడక్కుండా మింగించడం లాంటిది.

మరి కొలిచే మనిషిని గుర్తుపట్టడం ఎలా?

ఆయన మీ పాత చెప్పులు అడుగుతాడు. అట్టడుగున ఏ వైపు అరిగిందో, లోపలి అట్ట మీద ఎక్కడ గుంట పడిందో చూస్తాడు. మీ పాదం చేతిలోకి తీసుకుని వేళ్ళ సందులు విడదీస్తాడు, ఆనెకాయలున్న చోట బొటనవేలితో నొక్కుతాడు. షుగర్ ఎన్నేళ్ళుగా ఉంది, ఎప్పుడైనా పుండు పడిందా అని అడుగుతాడు. మీరు కళ్ళు మూసుకుంటే సన్నటి నైలాన్ పోగు ఒకటి పాదానికి అక్కడక్కడా ఆనిస్తాడు. వంగే సరికి 10 గ్రాముల ఒత్తిడి పడేలా చేసిన పోగు అది. తగిలిందో లేదో మీరు చెప్పాలి. ఆయన దగ్గర ఆ పోగు లేకపోతే, "ముందు డాక్టరు గారికి చూపించుకుని రండి" అనాలి. రెంటిలో ఏదీ చెయ్యకపోతే లేచి వచ్చేయండి.

మధుమేహ పాదాల మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల మార్గదర్శకాలు కొలత గురించి సూటిగానే చెబుతాయి. చెప్పు లోపలి పొడవు పాదం కంటే ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. లోపలి వెడల్పు, పాదం అన్నిటికంటే వెడల్పుగా ఉన్నచోట ఎంతుందో అంత ఉండాలి. వేళ్ళకి పైన కూడా చోటుండాలి. నిలబెట్టి చూడాలి, వీలైతే సాయంత్రం పూట చూడాలి. ఇవి కొట్టులో ఎంతమందికి తెలుసో మీరే అడిగి చూడండి. ఇంట్లో చేసుకోగల చిన్న పని ఒకటుంది. తెల్ల కాగితం మీద నిలబడి పాదం చుట్టూ ఎవరిచేతన్నా గీత గీయించండి. కత్తిరించి ఆ కాగితాన్ని చెప్పులో పెట్టండి. అంచులు మడతపడితే ఆ చెప్పు మీది కాదు. ఫిట్టరు దగ్గరికి ఆ కాగితం పట్టుకెళ్తే, దాన్ని చూసి ఆయన ముఖం ఎలా పెట్టాడన్నది కూడా ఒక పరీక్షే.

వద్దనగలగడం ఆ వృత్తిలో పెద్ద గుణం. "మీ పాదానికి సరిపడేది నా దగ్గర లేదండీ" అన్న మనిషి దొరికితే ఆయన ఫోను నంబరు రాసుకోండి. పాదం ఎర్రగా, వేడిగా వాచి ఉంటే, లేదా పుండు నోరు తెరిచి ఉంటే, కొలతలు తీసుకోకుండానే ఆసుపత్రికి పంపేవాడు ఆణిముత్యం. దానికి భిన్నంగా "నాలుగు రోజులు వేసుకోండి, అదే సాగుతుంది" అన్నవాడు మొద్దుబారిన పాదానికి శత్రువు. సాగేలోపు చర్మం చిట్లుతుంది. ముళ్ళలాంటి బొడిపెలున్న ఆక్యుప్రెషర్ చెప్పులు షుగర్ తగ్గిస్తాయని అంటగట్టేవాళ్ళ గురించి నేను మర్యాదగా రాయలేను. నొప్పి తెలియని అరికాలికి వాటి వల్ల జరిగే మేలు ఏమీ లేదు, గాయం మాత్రం ఖాయం.

పెద్ద షోరూముల్లో ఇప్పుడు పాదాన్ని స్కాన్ చేసి రంగుల బొమ్మ చూపించే యంత్రాలొచ్చాయి. వాటితో తప్పు లేదు. కానీ యంత్రం ఉన్నచోట నిపుణుడు ఉన్నట్టే అనుకోకూడదు. 1920ల నుంచి అమెరికా, ఐరోపా చెప్పుల దుకాణాల్లో ఎక్స్‌రే పెట్టెలుండేవి. బూటు తొడుక్కుని పాదం లోపల పెడితే వేళ్ళ ఎముకలు పచ్చగా కనబడేవి. పిల్లలు ఎగబడేవారు, తల్లులు మురిసిపోయేవారు, కొట్లకి గిరాకీ పెరిగేది. రేడియేషన్ ప్రమాదం బయటపడి, 1957లో పెన్సిల్వేనియా రాష్ట్రం మొదటిసారి నిషేధించాక అవి మూలపడ్డాయి. అంత హంగామా చేసిన ఆ పెట్టె, చెయ్యి పెట్టి నొక్కి చూసే అనుభవజ్ఞుడి కంటే బాగా బూటు కుదర్చలేదు.

తణుకులో ఇలాంటి మనిషి ఎక్కడున్నాడని మీరు అడగొచ్చు. బోర్డు చూసి దొరకడు. షుగర్ పాదాలు చూసే డాక్టరుని అడగడం మొదటి దారి. ప్రోస్థెటిక్స్, ఆర్థోటిక్స్ చదివినవాళ్ళకి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉంటుంది. 1992 చట్టం ప్రకారం వచ్చిన ఏర్పాటు అది. నంబరు అడిగితే తప్పు పట్టరు, పడితే అనుమానించండి. వాళ్ళు ఎక్కువగా విజయవాడ, విశాఖ లాంటి నగరాల్లో ఉంటారు. తిరుపతిలో దేవస్థానం వారి బర్డ్ ఆసుపత్రికి కృత్రిమ అవయవాల విభాగం ఉంది. పాదం ఆకారమే మారిపోయినవాళ్ళు, వేళ్ళు తీసేసినవాళ్ళు అంత దూరం వెళ్ళాల్సిందే. మామూలు కొలత, చిన్న సవరణ మాత్రమే కావలసినవాళ్ళకి మరో మనిషి ఉన్నాడు. బజారులో గొడుగు కింద కూర్చుని చెప్పులు కుట్టే ఆయన.

ఆయన్ని మనం నిపుణుడిగా ఎప్పుడూ లెక్కపెట్టలేదు. పాదం కొలిచి, తోలు కోసి, కిర్రుచెప్పులు కుట్టి ఇచ్చే పని మన ఊళ్ళలో తరతరాలుగా మాదిగ కుటుంబాల చేతుల్లో ఉండేది. పనివాణ్ణి వాడకి నెట్టి, పనిని మాత్రం కాళ్ళకి వేసుకున్నాం. గౌరవం లేని చోట విద్య నిలవదు. పిల్లలు ఆ పని వదిలేశారు, వదిలెయ్యడంలో న్యాయం ఉంది. కొలత తెలిసిన చెయ్యి మన ఊళ్ళో కరువైందంటే మన వంతు ఎంతో మనకే తెలియాలి. ఇప్పటికైనా అలాంటి పెద్దాయన కనిపిస్తే "ఏమయ్యా" అనకుండా "ఏవండీ" అని పిలిచి, పక్కన కూర్చుని, పాదం చూపించండి. డాక్టరు రాసిచ్చిన చీటీ చూపిస్తే లోపల మెత్తటి అట్ట అతికించడం, గుచ్చుకునే కుట్టు తీసెయ్యడం, వెనక పట్టీ వేయించడం ఆయన చెయ్యగలడు. అడిగినంత ఇవ్వండి.

పెద్ద వయసువాళ్ళు పాదం ఇంకొకరి చేతికివ్వడానికి తెగ ఇబ్బంది పడతారు. "అయ్యో, మీరు నా కాలు పట్టుకోవడమేంటండీ" అని లాక్కుంటారు. నాడి చూడమని చెయ్యి ఇస్తాం కదా, ఇదీ అంతే అనుకోవాలి.

మంచి ఫిట్టరు మీ రోజు ఎలా గడుస్తుందో కూడా అడుగుతాడు. ఈ ప్రశ్న మన డెల్టాలో చాలా ముఖ్యం. వరి చేలో దిగే రైతుకి ఖరీదైన తోలు బూటు కొనిపిస్తే అది గట్టు మీదే ఉంటుంది. బురదలోకి ఆయన ఉత్తకాళ్ళతోనే దిగుతాడు. నరాలు దెబ్బతిన్న మనిషైతే దిగొద్దనీ, తప్పదంటే కాలికి సరిపడే గమ్‌బూటు వేసుకుని, పైకొచ్చాక వేళ్ళ సందులు ఆరేలా తుడుచుకోమనీ చెప్పేవాడు కావాలి. బొటనవేలి సందులో పట్టీ ఉండే చెప్పు వద్దని, వెనక పట్టీ ఉన్నది వేసుకోమని చెప్పేవాడు కావాలి. ఇంట్లో గచ్చు మీద ఏం వేసుకుంటారని కూడా అడగాలి. ఇంటికి వేరే జత పెట్టుకోవడానికి మన పెద్దవాళ్ళు ఒప్పుకోరు. దేవుడి గది ఒక్కటీ వదిలి మిగతా ఇల్లంతా వేసుకోమంటే కొంత వింటారు.

కార్తీకంలో మాల వేసుకునేవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. 41 రోజులు చెప్పుల్లేకుండా తిరగడం ఆరోగ్యమైన పాదానికి కష్టం మాత్రమే, మొద్దుబారిన పాదానికి ముప్పు. ద్వారకా తిరుమలకి నడిచి వెళ్ళేవాళ్ళ సంగతీ అంతే, ఎండకి కాలిన రోడ్డు అరికాలికి తెలియదు. గురుస్వామితో, డాక్టరుతో మాట్లాడి మినహాయింపు తీసుకోండి. అయ్యప్ప అర్థం చేసుకుంటాడని నా నమ్మకం.

డబ్బు దగ్గర ఒక్క మాట. కొలిచినందుకు విడిగా ఫీజు అడిగితే మనవాళ్ళకి ఒళ్ళు మండుతుంది. డెన్వర్లో ఉన్న కొడుకూ అంతే. కొట్లో గంటసేపు కొలిపించుకుని, ఇంటికొచ్చి ఆన్‌లైన్లో అదే బూటు తక్కువకి కొంటాడు. నొప్పి పుట్టాక సవరించేవాడు ఉండడు. మీరు కొంటున్నది రెండోసారి, మూడోసారి వెళ్ళినప్పుడు ఆయన చేసే సవరణని కూడా. "తేడా వస్తే సరిచేస్తారా, దానికి వేరే తీసుకుంటారా?" అని డబ్బు ఇవ్వకముందే అడిగి తేల్చుకోండి.

వెళ్ళే రోజు సాయంత్రం పూట, రోజూ వేసుకునే సాక్సుతో, పాత చెప్పులూ మందుల చీటీ పట్టుకుని వెళ్ళండి. కొత్త జత ఇంటికి తెచ్చిన మొదటి రోజు గంటసేపే వేసుకుని విప్పి పాదం చూసుకోండి. అరికాలు కనబడకపోతే కింద అద్దం పెట్టుకోండి, లేదా మనవణ్ణి చూడమనండి. ఎర్రబడ్డ మచ్చ అరగంటకీ పోకపోతే ఆ చోటు పెన్నుతో గుర్తుపెట్టి మర్నాడే తీసుకెళ్ళండి. ఏమీ లేకపోతే రోజూ కొంచెం కొంచెం సమయం పెంచుకుంటూ పోండి. వారం తరవాత ఫిట్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళేటప్పుడు ఆ చెప్పులు కడిగి, తుడిచి తీసుకెళ్ళకండి. లోపలి అట్ట మీద చెమటా దుమ్మూ కలిసి పడ్డ పాదం ముద్ర ఉంటుంది. ఎక్కడ నల్లగా ఉందో అక్కడ బరువు ఎక్కువ పడుతోందని ఆయనకి తెలుస్తుంది.